ఏతం మీద అడుగు

ఊ కొట్టే చెవులుంటే కథ చెప్పే నోటికి లోటేమిటి? వినండి మరి. అనగనగా ఒక కొండ కింద ఒక ఊరు. ఆ ఊళ్ళో ఇద్దరు చెలికాళ్ళు. ఇద్దరి ఆస్తీ ఒక్కచోట కూడితే తేలే మొత్తం ఇది: ఒక నుయ్యి, ఒక ఏతం, ఒక బాన, రెండు గొంతులు.

అంతే. అయినా తమకంటే కలిగినవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరనుకునేవారు ఇద్దరూ.

ఒకడి పేరు పైడి. ఇంట్లో బంగారం పండినట్టు పుట్టాడని తాత పెట్టిన పేరు. రెండోవాడి పేరు తౌడు. వాడికి ముందు పుట్టిన బిడ్డలెవరూ దక్కలేదు. అందుకని తల్లి వాడిని పొరుగమ్మ చేతుల్లో పెట్టి, చేటెడు తౌడు పోసి, తిరిగి కొనుక్కుంది. తౌడుకు కొన్న బిడ్డ మీద మృత్యువు కన్ను పడదని ఆ సీమలో నమ్మకం. కన్ను పడలేదు. పేరు మాత్రం ఉండిపోయింది.

మీరు ఏతం చూశారా? చూడకపోతే చెబుతాను. నూతి పక్కన పంగల గుంజ ఒకటి పాతుతారు. దాని మీద పొడవాటి దూలం, అటూ ఇటూ తూగేట్టు. దూలం ముందు కొసకి వెదురు గడ, గడ చివర బాన. ఒకడు దూలమెక్కి నడుస్తాడు. ముందుకు నడిస్తే బాన నూతిలోకి దిగుతుంది. వెనక్కి నడిస్తే పైకి లేస్తుంది. రెండోవాడు నూతి గట్టున నిలబడి, గడ పట్టి బానను ముంచుతాడు. పైకి రాగానే బోదెలోకి ఒంపుతాడు. బోదె వెంట నీళ్ళు వంగ మళ్ళకూ మిరప మళ్ళకూ పరుగులు తీస్తాయి.

దూలం మీదివాడికి నూతి లోపల ఏం జరుగుతోందో కనబడదు. బాన మునిగిందో లేదో తెలియదు. కిందివాడు అంకె పిలవాలి, పైవాడు వెనక్కి అడుగు వేయాలి. పిలుపు రాకముందు కదలకూడదు. పిలుపు వచ్చాక ఆగకూడదు. ఏతం ధర్మం అది.

ఆ పిలవడంలోనూ ఒక మర్యాద ఉంది. మొదటి బానను ఒకటి అనరు. లాభం అంటారు.

"లాభమో!" అని తౌడు నూతి గట్టున పిలిచేవాడు.

"లాభము కలిగించు నూతిలో గంగమ్మా!" అని పైడి దూలం మీద పాడుతూ వెనక్కి నడిచేవాడు.

"రెండో!"

"రెండు కన్నుల చూపు ఒక్కటే కదమ్మా!"

"మూడో!"

"మూడు చినుకులు పడితె మురిసేది నేలమ్మా!"

అలా పొద్దు పొడిచింది మొదలు ఎండెక్కేదాకా ఒకడి పిలుపు, ఒకడి పాట. తర్వాత గట్టు మీద కూర్చుని ఒకే ముంతలో చద్దన్నం.

"ఒరే తౌడూ, నువ్వు లాభం అని పిలిస్తే ఎండిన నుయ్యి కూడా ఊరుతుందిరా" అనేవాడు పైడి.

"నువ్వు పాడితే ఊరిన నుయ్యి కూడా పారిపోతుందిరా" అనేవాడు తౌడు.

ఇద్దరూ పొలమారేట్టు నవ్వుకునేవారు.

ఒకనాడు కట్టెలకు పోతున్న ఆడవాళ్ళు ఆ పాట విని దారిలో ఆగారు. "ఏం గొంతమ్మా పైడిది! కొత్త బెల్లం నాకినట్టుంది" అని మెచ్చుకుని వెళ్ళారు. తౌడు కూడా మురిశాడు. మన పైడి కదా అనుకున్నాడు.

అయితే ఆ నూతిలో ఒక ముసలి కప్ప ఉండేది. దానికి లోకమంటే గుండ్రటి ఆకాశం ముక్క, దిగివచ్చే బాన, గట్టు మీదనుంచి వంగిన తౌడు చేతులు. ఇంకేమీ లేదు.

"అబ్బీ" అంది కప్ప. "ఎవరినో మెచ్చుకుంటున్నారేమిటి? నీళ్ళు తోడేది నువ్వు కదా?"

"పైన మా పైడి ఉన్నాడు, కప్పతాతా."

"నాకు కనబడలేదే" అంది కప్ప.

తౌడు నవ్వి ఊరుకున్నాడు.

మరొకనాడు గాజుల సెట్టి గాజులు గుచ్చిన మలారం భుజాన వేసుకుని ఆ దారిన వచ్చాడు. పాట అయ్యేదాకా నిలబడి విన్నాడు. తర్వాత తౌడు దగ్గరికి వచ్చి దోసిలి పట్టాడు. "కాసిని మంచినీళ్ళు పొయ్యి నాయనా. ఆ పాడే అబ్బాయి పేరేమిటి?"

"పైడి."

"ఆహా, గొంతుకు తగిన పేరు! మరి నీదో?"

"తౌడు."

సెట్టికి నవ్వు వచ్చింది. ఆపుకుందామనుకున్నాడు గానీ తాగుతున్న నీళ్ళు ముక్కులోంచి వచ్చాయి.

ఆ రోజు చద్దన్నం తౌడుకు రుచించలేదు.

"నేను చెప్పలేదూ?" అంది కప్ప. "ఒంపేది నువ్వు, ముంచేది నువ్వు. పేరేమో వేరెవరికో!"

ఈసారి తౌడు నవ్వలేదు.

మూడోసారి సాక్షాత్తూ రాజుగారే వచ్చారు. వేటనుంచి తిరిగి వెళుతూ పల్లకి ఆపించారు. "ఈ పాట పాడినదెవరు?" అని అడిగారు.

పైడి దూలం దిగి చేతులు జోడించాడు. "మేమిద్దరమూ, మహారాజా. వాడు పిలిస్తేనే నేను పాడేది."

"పిలుపు విన్నాంలే. పాడినదెవరని అడిగాం" అన్నారు రాజుగారు. ఎర్రటి పట్టు తలపాగా ఒకటి పైడి తలకు చుట్టించారు. పల్లకి కదిలిపోయింది.

పైడి పరుగున వచ్చాడు. "ఒరే, ఒకరోజు నువ్వు, ఒకరోజు నేను కట్టుకుందాం రా. ముందు నువ్వే కట్టుకో."

"తౌడు తలకు పట్టు పాగా ఎందుకురా? పైడికే అందం" అన్నాడు తౌడు. పెదవులు నవ్వాయి. కళ్ళు నవ్వలేదు.

కప్ప ఆ సాయంత్రం ఏమీ అడగలేదు. తౌడే నూతిలోకి వంగి అడిగాడు. "కప్పతాతా, నీకు ఎవరు కనబడుతున్నారు?"

"నువ్వే" అంది కప్ప. "నువ్వొక్కడివే."

వినాలనుకున్న మాట ఎంత తియ్యగా ఉంటుందో!

మర్నాడు పొద్దున పైడి పాగా చుట్టుకుని దూలమెక్కాడు. ముందుకు నడిచాడు. బాన నూతిలోకి దిగింది. ఇంకా నీటిని తాకలేదు. తాకలేదని తౌడుకు తెలుసు.

"లాభమో!" అని పిలిచాడు.

పైడి ఎప్పటిలాగే వెనక్కి అడుగు వేశాడు. ఖాళీ బాన ఎగిరింది. దూలం వెనక కొస దభీమని నేలను కొట్టింది. పైడి గాల్లోకి లేచి మిరప మడిలో బురదలో పడ్డాడు. పాగా ఊడి బోదెలో పడింది. దారిన పోయేవాళ్ళు ఫక్కున నవ్వారు.

తౌడు ఉరికాడు. వాడికి నవ్వు రాలేదు. పైడి మడమ పట్టుకుని కూర్చున్నాడు. మొహం పాలిపోయింది.

"నా అడుగే తప్పిందిరా" అన్నాడు పైడి. "నీ పిలుపు సరిగ్గానే వినబడింది."

అప్పుడే చెప్పేయవచ్చు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. తౌడు మింగేశాడు.

కొన్నాళ్ళకు మడమ నొప్పి తగ్గింది. పైడి మళ్ళీ దూలమెక్కాడు. తౌడు ఈసారి బాన నిండా ముంచి, పిలవవలసినప్పుడే పిలిచాడు. కానీ పైడి కాలెత్తి, మళ్ళీ అక్కడే పెట్టాడు. అడుగు పడలేదు. దిగిపోయాడు.

"నా కాళ్ళ మీద నాకే నమ్మకం పోయిందిరా" అన్నాడు. "మళ్ళీ తప్పు అడుగు వేస్తే గడ తిరిగి నిన్ను కొడుతుంది. నీకేమైనా అయితే నేను ఓర్చలేను. ఇంకెవరినైనా చూసుకో." ఉతికి ఆరేసిన పాగాను పంగల గుంజకు కట్టి, కొండ అవతల మేనమామ ఊరికి గేదెలు మేపడానికి వెళ్ళిపోయాడు.

తౌడు ఒక్కడే మిగిలాడు. ఇప్పుడు మెచ్చుకుంటే వాడినే మెచ్చుకోవాలి. కానీ ఆ దారిన పోయేవారెవరూ ఆగలేదు.

దూలం వెనక కొసకు బండరాయి కట్టి చూశాడు. రాయికి బరువుంది గానీ చెవులు లేవు. తనే దూలమెక్కి నడిచి చూశాడు. బాన పైకి వచ్చింది, ఒంపేవాడు లేక ఊగి ఊగి నీళ్ళన్నీ నూతిలోనే పోసుకుంది. వంగ మొక్కలు తలలు వేలాడేశాయి. మిరప మడి నెర్రెలు విచ్చింది.

పని కంటే కష్టమైనది ఇంకొకటి ఉంది. అలవాటు కొద్దీ "రెండో!" అని పిలిచేవాడు. పిలిచి, ఆగేవాడు. పైనుంచి పాట వస్తుందని చెవి ఎదురుచూసేది. నుయ్యి వాడి పిలుపే వాడికి తిరిగి ఇచ్చేది. చద్దన్నం ముంతలో సగం తిని చెయ్యి ఆపేసేవాడు. మిగతా సగం ఎవరికోసమో గుర్తొచ్చి, తినలేక, కాకులకు వేసేవాడు. కొండ మీద గాలి ఇటు వీచినప్పుడల్లా పని వదిలి చెవి ఒగ్గేవాడు. గేదెల మెడల్లో కొయ్యగంటల చప్పుడు వచ్చేది. పాట వచ్చేది కాదు.

చివరికి ఒకనాడు బానకు తాడు కట్టి చేతులతో లాగాడు. అరచేతులు బొబ్బలెక్కాయి. బానతో పాటు కప్ప కూడా పైకి వచ్చింది. బోదె గట్టు మీదికి గెంతి, తలెత్తి చూసి, నోరు వెళ్ళబెట్టింది.

"అబ్బీ! పైన ఇంత దూలం ఉందా? దీని మీద ఎవరు నడుస్తారు?"

"ఎవరూ లేరు తాతా" అన్నాడు తౌడు.

"అయ్యో, నాకు కింద నుంచి నీ చేతులే కనబడేవి. అంతా నీ పనే అనుకున్నాను. తప్పు నాదే."

"నీది కాదు. నువ్వు నూతిలో ఉన్నావు, నీకు కనబడలేదు. నేను గట్టు మీద ఉన్నాను. నేను చూడలేదు."

బాన అక్కడే వదిలి తౌడు కొండెక్కాడు.

పైడి ఒక రాతి మీద కూర్చుని ఉన్నాడు. చుట్టూ గేదెలు. తౌడును చూడగానే లేచి వచ్చాడు. వస్తూ నేల వంక చూసి చూసి అడుగు వేస్తున్నాడు.

"ఏరా, మిరప పూత పట్టిందా?" అని అడిగాడు పైడి.

"ఎండిపోయింది. పైడీ, నీ అడుగు తప్పలేదురా. నా పిలుపు తప్పింది. బాన నీటిని తాకకముందే పిలిచాను. తెలిసే పిలిచాను."

గేదె ఒకటి వచ్చి పైడి భుజం నాకింది. పట్టించుకోలేదు.

"ఎందుకురా?"

"నిన్ను మెచ్చుకున్నారని."

"ఇన్నాళ్ళూ నా కాళ్ళను తిట్టుకున్నానురా!" అన్నాడు పైడి. "పడినందుకు కాదు. నవ్వినందుకూ కాదు. పాట నోటిదాకా వస్తుంది, కాలు తప్పుతుందేమోనని మింగేస్తున్నాను. వెళ్ళు. నా ముందు నిలబడకు."

తౌడు క్షమించమని కాళ్ళు పట్టుకోలేదు. నిజం ఇచ్చి రావడానికే వెళ్ళాడు. ఇచ్చి, వచ్చేశాడు. దిగుతుంటే సగం కొండ మీద ఒక్కసారి గాలి ఆగింది. వెనక ఎవరో రాగం తీసి, తుంచేసినట్టనిపించింది. అది పాటో, తన ఆశో వాడికి తెలియలేదు.

తర్వాత కూడా తౌడు రోజూ చేతులతోనే నీళ్ళు లాగాడు. పంగల గుంజకు కట్టిన ఎర్ర పాగా ఎండకు వెలిసి గులాబి రంగుకు తిరిగింది. వాడు దాన్ని ముట్టుకోలేదు.

ఒక తెల్లవారుజామున వచ్చేసరికి నూతి గట్టు మీద పైడి కూర్చుని ఉన్నాడు. ఎండిన మళ్ళ వంక చూస్తున్నాడు.

"నేను దూలం ఎక్కను" అన్నాడు, తల తిప్పకుండానే.

"ఎక్కవద్దు" అన్నాడు తౌడు. "నేను ఎక్కుతాను. నువ్వు పిలువు."

పైడి తల తిప్పి చూశాడు. చూసి, లేచి, గడ పట్టుకున్నాడు.

తౌడు దూలమెక్కాడు. ముందుకు నడిచాడు. బాన నూతిలోకి దిగింది. పైనుంచి కొండ కనబడింది, దారి కనబడింది, బీటలు వారిన మళ్ళు కనబడ్డాయి. నూతి లోపల మాత్రం కనబడలేదు. కాళ్ళ కింద దూలం సన్నగా వణికింది. పట్టుకోవడానికి ఏమీ లేదు. ఇన్నాళ్ళూ పైడి పాడింది ఇక్కడ నిలబడేనా అనుకున్నాడు తౌడు.

కింద పైడి గడ పట్టి బాన వంకే చూస్తున్నాడు. కావాలంటే ముందే పిలవవచ్చు. పిలిస్తే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. బోదె గట్టు మీద కప్ప కూడా ఊపిరి బిగబట్టింది.

"లాభమో!" అని పిలుపు వచ్చింది.

బాన నిండిందా? తౌడు వంగి చూడలేదు. పాట రాని గొంతుతోనే "లాభము కలిగించు" అని అందుకున్నాడు. వెనక్కి వేయడానికి కాలెత్తాడు.

నేస్తాన్ని చూసి కుళ్ళుకున్నవాడికి నూతిలో కప్పకు తెలిసినంతే లోకం. తప్పు ఒప్పుకుని నమ్మి అడుగు వేసేవాడికే నేస్తం పిలుపు మళ్ళీ వినబడుతుంది.