శాసనాలు రాసిన చేతి బొమ్మలు

అనగనగా ఏటి ఒడ్డున మణిగిరి అని ఒక రాజ్యం. ఆ రాజ్యానికి వీరభూపతి రాజు. రాజుగారి కొలువులో శాసనాలు రాసేవాడు, తగవులు తీర్చేవాడు మాచన.

ఇరవై ఏళ్లు మాచన అదే పని చేశాడు. చెరువు నీళ్లు ఎవరి పొలానికి ముందు పారాలో ఆయనే రాశాడు. సంతలో తూకం తగ్గితే ఏ శిక్షో ఆయనే రాశాడు. ఆయన రాసిన మాటకు అడ్డం చెప్పడం ఎవరి తరమూ కాలేదు.

కానీ ఆయన మనసు ఆ పనిలో లేదు. సభలో వాదాలు సాగుతుంటే, పీట చాటున ఆయన చేతులు తేలికపాటి పొనికి చెక్కతో బొమ్మలు చెక్కుతూ ఉండేవి. ఒకనాడు ఇద్దరు రైతులు గట్టు తగవు చెప్పుకుంటుంటే ఆయన ఒళ్లోంచి చెక్క చిలక జారి కింద పడింది. సభంతా నవ్వింది. మాచన మాత్రం నవ్వలేదు. ఆ సాయంత్రమే రాజు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మహారాజా, నాకు సెలవిప్పించండి. బొమ్మలు చేసుకుని బతుకుతాను."

"మతి పోయిందా మాచనా? ఇంత కొలువు వదిలి జాతరలో బొమ్మలమ్ముతావా?"

"ఇన్నాళ్లూ మీ పని చేశాను. మిగిలిన నాలుగు రోజులూ నా పని చేసుకోనివ్వండి."

రాజు గడ్డం నిమురుకున్నాడు. "సరే. ఏటా మూడు జాతరలు. ఆ మూడూ నీకు గడువు. మూడోది ముగిసేసరికి నీ అంగడి నిలదొక్కుకుంటే నీ దారి నీది. లేదంటే తిరిగొచ్చి, ఊపిరి ఉన్నంతకాలం శాసనాలే రాయాలి. మళ్లీ ఈ మాట ఎత్తకూడదు."

మాచన ఒప్పుకున్నాడు.

మొదటి జాతర వచ్చింది. బొమ్మలు ముచ్చటగా ఉన్నాయి. కానీ ఇరవై ఏళ్ల అలవాటు ఊరికే పోతుందా? ఒక్కో బొమ్మ మెడలో ఒక్కో తాటాకు కట్టాడు. "ఈ గుర్రమును తడిపినచో, ఎండలో విడిచినచో, కింద పడవేసినచో అంగడివాడు పూచీ కాడు" అని మొదలైన నిబంధనలు ఆకు రెండో వైపుకు కూడా పాకాయి. చదవగలిగినవాళ్లు చదివి బెదిరిపోయారు. చదవలేనివాళ్లు ఏ మంత్రమో అనుకుని దూరం జరిగారు. ఒక్క బొమ్మా కదల్లేదు.

"బొమ్మ కొనుక్కోమన్నారా, సాక్ష్యం చెప్పమన్నారా?" అంది ఆయన ఇల్లాలు లక్కమ, తాటాకులన్నీ పీకి పొయ్యిలో పెడుతూ.

రెండో జాతరకు ఆకులు లేవు. కానీ నోరుంది కదా!

"ఈ ఏనుగు తొండం పొట్టిగా ఉందేమయ్యా?" అన్నాడొక గొల్లాయన.

అంతే, మాచన లేచి నిలబడ్డాడు. ఏనుగు వయసెంత, ఆ వయసుకు తొండం ఎంత ఉండాలి, చూసిన సాక్షులెవరు అని ఎదురు ప్రశ్నలు వేశాడు. చుట్టూ జనం మూగారు. చివరికి గొల్లాయన "తొండం పొడుగే సామీ, తప్పు నాదే" అని దణ్ణం పెట్టి, పక్క అంగట్లో మట్టి ఏనుగు కొనుక్కుని పోయాడు. ఆ రోజు మాచన పదకొండు వాదాలు గెలిచాడు. బొమ్మలన్నీ మూటగట్టి ఇంటికి మోసుకొచ్చాడు.

"ఇంక ఒక్కటే జాతర" అంది లక్కమ. ఈసారి ఆమె వేళాకోళమాడలేదు. మాచనకు అన్నం సయించలేదు. కొలువంటే ఆయనకు భయం లేదు. చేతిలో ఉలి లేకుండా బతకాలంటేనే భయం.

మూడో జాతరకు రెట్టింపు బొమ్మలు చేశాడు. నోరు కట్టేసుకుని కూర్చుని, వచ్చిన ప్రతి పిల్లకూ బొమ్మ చేతికిచ్చి ఆడుకోనిచ్చాడు. పిల్లలు వదల్లేదు, పెద్దలు కొనక తప్పలేదు. మధ్యాహ్నానికి సగం అంగడి ఖాళీ అయింది.

అప్పుడు కుమ్మరి పోలమ్మ కూతుర్ని చంకనెత్తుకుని వచ్చింది. పిల్ల వెక్కి వెక్కి ఏడుస్తోంది. చేతిలో కాలూడిన గుర్రం.

"పొద్దున కొన్నదే అయ్యగారూ. మా పిల్లే కింద పడేసింది లెండి. కాస్త అతికిస్తారేమోనని వచ్చాను."

తప్పు పిల్లదేనని తల్లే ఒప్పుకుంది. ఏ సభలోనైనా తగవు అక్కడితో తెగిపోయేది. మాచన గుర్రాన్ని తిప్పి చూశాడు. కాలు విరగలేదు, అతుకు వదిలింది. లోపల చెక్క చెమ్మగా ఉంది. పొనికి చెక్కను బాగా ఆరబెట్టి, సెగ చూపించి, ఆ తర్వాతే చెక్కాలి. గడువు తరుముకొస్తోందని ఆయన ఈసారి దుంగలను పచ్చిగానే చెక్కేశాడు. అమ్మినవీ, మిగిలినవీ అన్నీ ఆ చెక్కవే.

ఆ సంగతి ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు. ఊరుకుంటే సాయంత్రానికి సరుకంతా అమ్ముడవుతుంది, గండం గడుస్తుంది. పైకి చెబితే మళ్లీ కొలువే.

మాచన గుర్రాన్ని బల్ల మీద పెట్టాడు. తర్వాత లేచి గొంతెత్తాడు.

"అయ్యలారా, అమ్మలారా! ఈ పిల్ల తప్పేం లేదు. నేను పచ్చి చెక్కతో చేశాను. తప్పు నాది. ఇవాళ నా దగ్గర బొమ్మ కొన్నవాళ్లు రండి, మీ డబ్బు మీకిచ్చేస్తాను."

మిగిలిన బొమ్మలన్నీ తనే మూటగట్టేశాడు.

పొద్దు వాలే వేళకు రాజు వచ్చాడు. ఖాళీ బల్ల చూసి ఆశ్చర్యపోయాడు. "అన్నీ అమ్మేశావే! గెలిచావు మాచనా!"

"లేదు మహారాజా. మిగిలినవి మూటలో ఉన్నాయి. అమ్మదగినవి కావు. నేను ఓడిపోయాను, పదండి."

లక్కమ కొంగుతో కళ్లొత్తుకుంది. అంతలో పోలమ్మ ముందుకొచ్చింది.

"రాజుగారూ, ఆయన్ని తీసుకుపోకండి. డబ్బు ఇవ్వబోతే మేమెవరమూ పుచ్చుకోలేదు. మా పిల్లకు ఆయన చేసే గుర్రమే కావాలి. చెక్క ఆరిందాకా ఆగుతాం."

"మేమూ ఆగుతాం" అన్నారు వెనక నిలబడ్డ వాళ్లంతా, బొమ్మలు చంకన పెట్టుకుని.

రాజు వాళ్లందరినీ చూశాడు. "సరుకు లేని అంగడి ముందు ఇంతమంది ఆగడం నేనెన్నడూ చూడలేదు. నీ అంగడి నిలదొక్కుకుంది మాచనా" అని వెనుదిరిగాడు. మాచన అందరి ముందూ చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

కనుక పిల్లలూ, ఇష్టపడి పట్టిన పనిలో తన తప్పుకు తానే తీర్పు చెప్పుకోగలిగినవాడే నిలబడతాడు.