మంత్రసాని దోర్కమ్మ సాక్ష్యం

అనగనగా, ఏటికి వంతెన లేని రోజుల్లో, ఏటికి ఇవతల రెల్లుపేట అని ఒక పేట ఉండేది. నలభై గడపలు, ఒక తాటాకు గుడి. గుడి అంటే ప్రభువు గుడే, పేటంతా క్రైస్తవులే మరి. ఏటికి అవతల పెంకుల కప్పుతో మిషను బడి. ఆ బడికి ఒక పడవ. పొద్దున్నే పిల్లల్ని ఎక్కించుకుపోయేది, సాయంత్రం తెచ్చి దింపేది.

ఆ పేటలో దోర్కమ్మ అని ఒక మంత్రసాని ఉండేది. పేటలో పుట్టిన ప్రతి బిడ్డనూ మొదట పట్టుకున్నవి ఆమె చేతులే. మీసాలు మెలేసే మగాళ్లు కూడా ఆమె ఎదురొస్తే తల వంచుకుని పక్కకు తప్పుకునేవాళ్లు. "ఒరే, నువ్వు పుట్టినప్పుడు ఏం చేశావో తెలుసా" అని పదిమందిలో ఎక్కడ మొదలుపెడుతుందోనని వాళ్ల భయం. మొదలుపెడితే ఆ రోజు వాన పడిందా, ఎండ కాసిందా, ఎవరింట్లో ఏం కూర వండారో కూడా చెప్పేది. దోర్కమ్మకు చదువు రాదు. అయితే మరుపూ రాదు.

ఆమె దగ్గర మనవరాలు పెరిగేది. పేరు నయోమి. తల్లి లేదు. తండ్రి ఓడరేవు పనికి పోయి అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. నయోమికి ఆరేళ్లు ఉంటాయి. ఉంటాయి అని ఎందుకంటున్నానంటే, పేటలో అందరి రోజులూ చెప్పే దోర్కమ్మ ఈ పిల్ల పుట్టిన రోజు మాత్రం చెప్పేది కాదు. నయోమి మూడుసార్లు అడిగింది. మొదటిసారి అడిగితే అమ్మమ్మ బిందె తీసుకుని నీళ్లకు పోయింది. రెండోసారి అడిగితే పొయ్యి దగ్గర కూర్చుని, మండుతున్న పొయ్యినే ఊదింది. మూడోసారి అడిగితే ఏడ్చింది. ఆ బాధ తెలిసిన పేటవాళ్లూ ఆ ఊసెత్తేవాళ్లు కాదు. ఇక నయోమి అడగలేదు. తాను పుట్టడమే ఏదో తప్పయి ఉంటుందని ఆ చిన్న మనసులో పడిపోయింది. ఎవరితోనూ అనలేదు, పాపం.

బడికి ఒక నియమం ఉండేది. ఆరు నిండి ఏడు నిండని పిల్లల పేర్లే ఒకటో తరగతిలో రాస్తారు. ఆ ఏడు తప్పితే ఇక జన్మలో లేదు, గేదెల వెనక పోవడమే. ఆసామి ఇంటావిడ అప్పుడే వచ్చి అడిగిపోయింది కూడా. "బడిలో రాసుకోకపోతే మా గేదెలకు పంపు దోర్కమ్మా, పిల్ల చురుగ్గా ఉంది" అంది. ఆ మాట విన్నప్పటి నుంచి నయోమికి అన్నం సరిగ్గా దిగలేదు. రోజూ ఒడ్డున నిలబడి పడవ వంక చూసేది.

పిల్లలు ఎప్పుడు పుట్టారో ఎవరికి తెలుసు? తల్లిదండ్రుల్ని అడిగితే గాలివాన ఏడు అనో, కొర్రలు కోసేటప్పుడు అనో చెప్పేవాళ్లు. తేదీలన్నీ గుడి పుస్తకంలో ఉండేవి. గుడిలో ప్రార్థనలు నడిపే ఉపదేశి ఫిలేమోను బాప్తిస్మం నాడే పుట్టిన తేదీ కూడా ఓపిగ్గా రాసి ఉంచేవాడు. మంచి మనిషి, కాస్త కంగారు మనిషి. ఆ వేసవిలో పక్క పేటలో నిప్పంటుకుని పన్నెండిళ్లు కాలిపోయాయి. మన గుడీ తాటాకుదే కదా, పుస్తకం కాలిపోతే ఎలా అని ఫిలేమోనుకు నిద్ర పట్టలేదు. పుస్తకాన్ని చాపలో చుట్టి, చాపను చెక్కపెట్టెలో పెట్టి, పెట్టెను గుడి నేలలో మోకాలి లోతు గొయ్యి తీసి పాతిపెట్టాడు. ఇక ఏ నిప్పూ ముట్టదని హాయిగా ఉన్నాడు.

బడి తెరిచే ముందురోజు సాయంత్రం పేటంతా చుట్టూ నిలబడగా పెట్టె తవ్వి తీశాడు. మూత తీస్తే చెదలు. చాప లేదు, పుస్తకం లేదు. అట్ట ఒక్కటి మిగిలింది, దాన్ని ముట్టుకుంటే అదీ మన్నయింది.

ఫిలేమోను నేల మీద కూలబడ్డాడు. "నిప్పు సంగతే ఆలోచించానమ్మా. చెదలు తట్టలేదు" అన్నాడు.

"నువ్వు పుట్టినప్పుడు కాళ్లే ముందొచ్చాయి నాయనా. అప్పటి నుంచీ నీ పనులన్నీ అంతే" అంది దోర్కమ్మ. అందరూ నవ్వారు. కానీ ఆ ఏడు బడిలో వేయాల్సిన పిల్లలు పదకొండుమంది, వాళ్ల తల్లులకు నవ్వు రాలేదు. నయోమికి అసలే రాలేదు.

తెల్లారి పడవలో పదకొండుమంది పిల్లలు ఎక్కారు. వాళ్లతో దోర్కమ్మా ఎక్కింది. ఒక చేత్తో నయోమిని పట్టుకుంది, ఇంకో చేత్తో పడవ అంచు పట్టుకుంది. ఏరు మధ్యకు వచ్చేసరికి అమ్మమ్మ కళ్లు గట్టిగా మూసుకోవడం నయోమి చూసింది. ముసలామెకు నీళ్లంటే భయమేమో అనుకుంది.

బడికి ఆ ఏడే కొత్త పెద్దపంతులు వచ్చాడు. పేరు జెకర్యా. కళ్లజోడు, చేతిలో బెత్తం, నవ్వని మొహం. "మూడో గంట కొట్టేలోపు పేర్లు రాయాలి. తేదీలేవి?" అన్నాడు.

"వందనాలయ్యా. పుస్తకం చెదలు తినేసింది. నేనున్నాను, అడగండి" అంది దోర్కమ్మ.

"నీకు చదువొచ్చా?"

"రాదయ్యా. మరుపూ రాదు."

పంతులు ఆలోచించాడు. మనిషి కఠినమే గానీ అన్యాయస్తుడు కాడు. బీరువా తెరిచి ఒక లావుపాటి పుస్తకం తీశాడు. బడిలో ఏ రోజు ఏం జరిగిందో పాత పంతుళ్లు రాసి ఉంచిన దినచర్య అది. "నువ్వు చెప్పింది ఇందులో దొరికితే రాస్తాను. దొరక్కపోతే రాయను" అన్నాడు.

దోర్కమ్మ మొదటి పిల్లవాణ్ని ముందుకు తోసింది. "వీడు తిమోతి. ఏరు పొంగి మీ బడి మూడో మెట్టు మునిగిన రోజు పుట్టాడు. పిల్లల్ని పెందలాడే పంపేశారు. వాళ్లు అరుచుకుంటూ ఒడ్డెక్కుతుంటే ఆ గోలకు వీడు బయటపడ్డాడయ్యా."

పంతులు పేజీలు తిప్పాడు. మూడో మెట్టు మునిగింది, పిల్లల్ని పంపేశాం అని ఉంది. తేదీ ఉంది. తిమోతి పేరు రాశాడు. మొదటి గంట కొట్టారు.

"ఇది సారా. బడికి కొత్త గంట పడవలో తెచ్చిన రోజు పుట్టింది. దింపుతుంటే గంట జారి బురదలో దిగబడింది. ఎనిమిదిమంది లాగారు. దీని నాన్నా అక్కడే ఉన్నాడు, కూతురు పుట్టిన సంగతి గంట పైకొచ్చాకే తెలిసింది."

పంతులు పేజీలు తిప్పాడు. గంట వచ్చింది, బురదలో పడింది, ఎనిమిదిమంది లాగారు అని ఉంది. సారా పేరు రాశాడు. ఈసారి కళ్లజోడు పైనుంచి దోర్కమ్మ వంక ఒకసారి చూశాడు. అలా ఒక్కొక్కళ్లనే చెప్పుకుంటూ పోయింది, ఒక్కొక్కళ్లనే రాసుకుంటూ పోయాడు. రెండో గంట కొట్టారు. పదిమంది అయిపోయారు.

"ఈ పిల్ల?" అన్నాడు పంతులు.

దోర్కమ్మ మాట్లాడలేదు. బంట్రోతు మూడో గంట కొట్టడానికి తాడు దగ్గరకు పోయి నిలబడ్డాడు. నయోమి అమ్మమ్మ మొహం చూసింది. పెదవులు వణుకుతున్నాయి. బడి పోతే పోయింది, ఆ పెదవులు అలా వణకడం ఆ పిల్ల చూడలేకపోయింది.

"పోనీలే అమ్మమ్మా. నేను గేదెలకే పోతాను. నువ్వు ఏడవొద్దు" అంది.

ఆ మాటతో దోర్కమ్మ నోరు విప్పింది.

"ఆ రోజు వానా లేదు, గాలీ లేదు, పండగా లేదయ్యా. మట్టల ఆదివారానికి ఇంకా మూడు రోజులుంది. నా కూతురికి రెండు రోజులుగా నొప్పులు. పేటలో అందరినీ తీసిన చేతులు నా బిడ్డ దగ్గర పనికిరాలేదు. అవతల మిషను ఆసుపత్రి ఉంది, దాటడానికి పడవ లేదు. ఒడ్డున నిలబడి కొంగు ఊపాను. అప్పటి పంతులుగారు చూసి బడి పడవ పంపించారు. ఏరు మధ్యలో ఇది పుట్టింది. ఒడ్డు చేరేసరికి దాని తల్లి పోయింది."

నయోమి కదలకుండా నిలబడింది. "అమ్మ నన్ను చూసిందా?" అని మెల్లగా అడిగింది.

"చూసింది తల్లీ. నీ చెంప నిమిరింది. ఇది బడి పడవ కదూ అమ్మా, అంది. దీన్ని రోజూ ఇందులోనే పంపించు, అంది. నవ్వింది కూడా."

"మరి నేనడిగితే ఎందుకేడ్చావు?"

"నీ గురించి కాదే పిచ్చిదానా. ఈ చేతుల గురించి."

పంతులు వేగంగా పేజీలు తిప్పాడు. ఒకచోట ఆగాడు. పైకే చదివాడు. "గురువారం. మధ్యాహ్నం పడవను ఒక మంత్రసానికి ఇచ్చాం. ఏటిలో ఆడబిడ్డ పుట్టింది. తల్లి మరణించింది. పిల్లలందరూ లేచి నిలబడి బిడ్డ కోసం ప్రార్థన చేశారు."

బంట్రోతు తాడు పట్టుకున్నాడు. "ఆగు" అన్నాడు పంతులు. కలం ముంచి, నయోమి అని గుండ్రంగా రాసి, సిరా ఆరేదాకా చూసి, "ఇప్పుడు కొట్టు" అన్నాడు. తర్వాత కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఈ పిల్లకు నేను చోటివ్వడమేమిటి? నాకంటే ఆరేళ్లు ముందే ఈ బడికి వచ్చింది" అన్నాడు.

నయోమికి ఒక్కసారిగా ఆకలేసింది. తాను తప్పు కాదు. తనను చూసి అమ్మ నవ్వింది. అమ్మ పోయిన ఆ రోజే ఒక బడి నిండా పిల్లలు లేచి తన కోసం ప్రార్థన చేశారు. ఆ సాయంత్రం పడవలో తిరిగొస్తుంటే ఏరు మధ్యలో దోర్కమ్మ కళ్లు మూసుకోలేదు. ఆరేళ్లుగా గొంతులో ఉన్న ముల్లు దిగిపోయినట్టు కబుర్లు చెబుతూనే ఉంది. పడవవాడు పుట్టిన రోజు సంగతి కూడా చెప్పింది, అతను వద్దంటున్నా.

ఫిలేమోను కొత్త పుస్తకం కుట్టి, దోర్కమ్మ చెబుతుంటే పేటందరి తేదీలూ మళ్లీ రాశాడు. ఈసారి దాన్ని ఉట్టిలో పెట్టి దూలానికి వేలాడదీశాడు. ఎలుకలు తాళ్ల మీద కూడా నడుస్తాయని దోర్కమ్మే గుర్తుచేసింది.

ఏళ్లు గడిచాయి. దోర్కమ్మ ఒకరోజు మధ్యాహ్నం నడుం వాల్చి, మరి లేవలేదు. సమాధి కార్యక్రమానికి ముందు ముసలి ఫిలేమోను పుస్తకం తెరిచాడు. పేరు రాశాడు. పోయిన తేదీ రాశాడు. "పుట్టిన తేదీ?" అన్నాడు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అందరి రోజులూ చెప్పిన మనిషికి, ఆమె రోజు చెప్పడానికి ఎవరూ మిగల్లేదు.

అప్పటికి నయోమి ఆ బడిలోనే ఒకటో తరగతి పంతులమ్మ. "బడి తెరిచే రోజని రాయండి" అంది.

"ఎవరు చెప్పారమ్మా?"

"మేం పదకొండుమందిమి చెబుతున్నాం. ఆ రోజు మేం అక్కడే ఉన్నాం." తిమోతి లేచి అవునన్నాడు. సారా లేచి అవునంది. ఒక్కొక్కళ్లే లేచారు. ఫిలేమోను అలాగే రాశాడు. ఆయన గుడి పుస్తకంలో రాసిన అబద్ధం అదొక్కటే. ప్రభువు దాన్ని లెక్కలోకి తీసుకోడని ఆయన పోయేదాకా నమ్మాడు.

ఇప్పటికీ రెల్లుపేటలో బడి తెరిచే రోజు పొద్దున, సంచీ భుజాన వేసే ముందు, తల్లి బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుని ఆ బిడ్డ పుట్టిన రోజు చెబుతుంది. వాన పడిందో, ఎండ కాసిందో, ఎవరు ముందు ఎత్తుకున్నారో, ఎవరు ముందు నవ్వారో. తల్లి లేకపోతే అమ్మమ్మ చెబుతుంది. ఎవరూ లేకపోతే పక్కింటివాళ్లు చెబుతారు. పోయినేడు తప్పిన పిల్లలకు రెండుసార్లు చెబుతారు. బడికి పోనని స్తంభం పట్టుకుని ఏడ్చేవాళ్లు కూడా అది విన్నాక ముక్కు తుడుచుకుని లేస్తారు. తర్వాత గుడిలో ప్రార్థన, బెల్లం కలిపిన అటుకులు. కొత్తవాళ్లెవరైనా చూసి ఏం పండగ అని అడిగితే, పిల్లలు నోటినిండా అటుకులతోనే జవాబు చెబుతారు.

"మా దోర్కమ్మ పుట్టినరోజు."