తేలే రాయి మీద నాచు

ఏరు వచ్చి సముద్రంలో కలిసే మొగ దగ్గర నెత్తళ్ళ గుంపు ఒకటి కాపురం ఉండేది. వేలకొద్దీ ఉన్నా అన్నీ ఒక్క చేపలాగే తిరిగేవి. వాటి కట్టుబాటు ఒక్కటే: పక్కది తిరిగితే నువ్వూ తిరుగు, ఎందుకని అడగకు. ఆ కట్టుబాటే వాటిని ఎన్నోసార్లు బతికించింది కూడా, కాదనలేం.

ఈ సంగతి సొరయ్య అనే సొరచేపకు బాగా తెలుసు. వెంటపడితే గుంపు చెదిరిపోతుంది. అదే, ఏట్లోకి తోలేస్తే? పాటు వేళ నీళ్ళు వెనక్కి తీయడం మొదలుకాగానే పారిపోయే దారి ఉండదు. బురద తేలేలోగా కడుపునిండా తిని బయటపడొచ్చు.

అందుకని చిలకచేప పైడమ్మను పిలిచాడు. పైడమ్మ నోట్లో నువ్వుగింజ నానదు.

"ఓలమ్మీ, నడిసంద్రంలో నీళ్ళ అడుగున నిప్పుకొండ నిన్న పేలిందంట. మరుగునీళ్ళు ఇటే వొచ్చేత్తన్నాయి. రుజువు కావాలా? ఇదిగో, ఆ కొండ కక్కిన రాయి, నీళ్ళ మీద తేల్తంది. ఏట్లోకి పోతే బతుకుతారు. నెత్తళ్ళు నీకు కావలసినోళ్ళు గదా, సెప్పు."

చిల్లులు చిల్లులుగా ఉన్న ఆ రాయి నిజంగానే తేలుతోంది. పైడమ్మ దాన్ని మూతితో తోసుకుంటూ బయల్దేరింది. సొరయ్య ముందే వెళ్ళి ఏటి మలుపులో నక్కాడు.

గుంపు ముందువరసకు పైడమ్మ చెప్పినప్పుడు నీళ్ళు దూరాన ఎక్కడో మరుగుతున్నాయి. నడిమికి వచ్చేసరికి బారెడు దూరంలోనే మరుగుతున్నాయి. వెనక వరసలో ఉన్న నూకాలు చెవిన పడేసరికి సముద్రమంతా చేపల పులుసైపోయింది. గుంపు మొత్తం ఏటి వైపు తిరిగింది.

నూకాలూ తిరిగింది. తిరిగాక ఒకటి గుర్తొచ్చింది. తన అక్క పోలమ్మ కిందటేడు ఇలాగే ఏట్లోకి వెళ్ళి, పాటు వేళకు బురదలో చిక్కి, మళ్ళీ కనబడలేదు. ఇప్పుడు గుంపంతా, తన కడుపున పుట్టినవాళ్ళతో సహా, అటే పోతోంది. భయంతో పక్కనున్న అప్పన్నను అడిగింది.

"బావా, మరుగునీళ్ళు నువ్వు సూసినావా?"

"నాను సూడ్నేదు. పక్కోడు సెప్పినాడు."

"ఆడు సూసినాడా?"

"నిప్పు నేందే పొగ రాదు గదే. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారంట. నోర్మూసుకుని రా."

"వొత్తాను బావా. సూసినాడో నేదో ఆణ్ణి ఒక్క మాటడుగు. అడిగితే నీ సొమ్మేటి పోద్ది?"

విసుక్కుంటూనే అప్పన్న పక్కవాణ్ణి అడిగాడు. పక్కవాడు తన పక్కవాణ్ణి అడిగాడు. పక్కది చేసింది తానూ చేయడమే కదా వాళ్ళకు అలవాటు! పుకారు వచ్చిన దారినే ప్రశ్న ఎదురెళ్ళింది. గుంపు ఏటి మొగకు చేరేలోగా ముందువరసను అందుకుంది. చూసినవాళ్ళు ఒక్కరూ లేరని తేలాక గుంపు మొగలోనే ఆగిపోయింది.

ఇక మిగిలింది పైడమ్మ. రాయిని పక్కనే పెట్టుకుని దాని మీది నాచు గీక్కుతింటోంది. నూకాలు ముందుకొచ్చింది.

"ఏటి పైడమ్మా, తింతన్నావు?"

"నాచు. శానా కమ్మగుంది. గుబురుగా ఎదిగింది."

"ఈ రాయి ఎప్పటిదే?"

"నిన్న పేలిన కొండదంట. సొరయ్య మావ సెప్పినాడు."

"నిన్న పుట్టిన రాయి మీద నీ మూతికి పట్టినంత నాచెక్కడిదే?"

పైడమ్మ నమలడం ఆపింది. రాయిని తిప్పి చూస్తే అడుగున గుల్లలు కూడా కాపురం పెట్టి ఉన్నాయి.

"కొండ పేలడం నిజవే అయ్యుంటాది," అంది నూకాలు. "ఎక్కడో, ఎప్పుడో పేలింది. రాయి సల్లారి, నాచు పట్టి, తేల్తా తేల్తా ఇక్కడికొచ్చింది. పాత నిజాన్ని నిన్నటిదని మనకి అంటగట్టినాడు సొరయ్య."

"మిమ్మల్ని బతికించుదారనే సెప్పినానే," అంది పైడమ్మ సిగ్గుతో.

"తెల్సు. అందుకే అందరూ నమ్మినారు."

అక్కడ ఏటి మలుపులో సొరయ్య లొట్టలేస్తున్నాడు. వస్తారు, రాక ఎక్కడికి పోతారు అనుకున్నాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ కదా. పొట్ట బురదకు తగిలాక గానీ నీళ్ళు తీసేశాయని ఆయనకు తెలియలేదు. తోక కొట్టినకొద్దీ దిగబడ్డాడు. కొంగలు రెండు వచ్చి వీపు మీద తీరిగ్గా కూర్చున్నాయి.

"ఓలే పైడమ్మా, నీళ్ళు తగ్గిపోనాయి. నాను బురదలో సిక్కుకున్నాను. మీవోళ్ళందర్నీ పిలు, వొచ్చి తొయ్యమను," అని కేకేశాడు.

"అలాగే మావా," అంది పైడమ్మ మొగలోంచి. "పోటు రానీ. నీళ్ళొచ్చినాక నాను సొయంగా వొచ్చి, నువ్వు సిక్కుకున్నావో నేదో సూసి, అప్పుడు మావోళ్ళకి సెప్తాను."

చెవిన పడ్డ మాటను నోటికి అప్పగించే ముందు ఒకసారి కంటికి చూపించాలి.