రెండో కన్ను

శిష్యులు అడిగినదానికి నేరుగా జవాబు చెప్పడం డాక్టర్ లలితాంబగారికి అలవాటు లేదు. కంటి ఆసుపత్రిలో ప్రణీతతో పాటు ఆమె దగ్గర ఆపరేషన్లు నేర్చుకుంటున్న మురహరి ఒకనాడు ఉండబట్టలేక అడిగేశాడు.

"మేడమ్, ప్రణీతా నేనూ ఒకేలా చేస్తాం, ఒకే లెన్సు పెడతాం. తన పేషెంట్లు కట్టు విప్పగానే చార్టులో చివరి వరస చదివేస్తున్నారు. నావాళ్ళు సగంలోనే ఆగిపోతున్నారు. మెప్పంతా తనకే. నీటికాసులున్న కళ్ళన్నీ నాకే ఎందుకిస్తారు? కొన్ని తనకీ ఇవ్వొచ్చుగా?"

ఆ గొంతులోని మంట ఆమెకు తెలియకపోలేదు. అతన్ని వార్డుకు తీసుకువెళ్ళారు.

అక్కడ తోటికోడళ్ళిద్దరు పక్కపక్క మంచాల మీద ఉన్నారు. ముందురోజే ఇద్దరికీ శుక్లాలు తీశారు. చిన్నామె సుభద్రమ్మకు ప్రణీత చేసింది, పెద్దామె వరహాలమ్మకు మురహరి. వరహాలమ్మకు నీటికాసులు; కంట్లో నీరు బయటికి పోయే దారి ఇరుకైపోయి, లోపలి ఒత్తిడికి నరం కొంత ఎప్పుడో దెబ్బతింది. శుక్లం తీస్తే ఆ దారి తెరుచుకుంటుంది గాని, చచ్చిన నరం తిరిగి బతకదు.

వరహాలమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

"దానికి కిటికీ అవతల కరెంటు తీగ మీద పిట్ట కూడా కనబడుతోందట. పొద్దుటినుంచీ అదే పాట. నాకు తీగే ఆనట్లేదు. రెండో కంటికి నేను చేయించుకోను" అంది.

మురహరి మొహం మాడిపోయింది. లలితాంబగారు మంచం అంచున కూర్చున్నారు.

"నొప్పి ఎలా ఉందమ్మా?"

"ఏం నొప్పి?"

"మందులు వేసినా తగ్గక, కణతలు పట్టుకుని ఏడ్చేదానివే."

వరహాలమ్మ మెల్లగా లేచి కూర్చుంది. కణత నొక్కి చూసుకుంది.

"రాత్రి నిద్రపట్టింది" అంది, తనకే నమ్మకం కలగనట్టు. "లైటు చుట్టూ రంగుల చక్రాలూ రాలేదు." "రెండో కంటికీ ఆ జబ్బు వస్తుందా?" అని అడిగింది.

"రావచ్చు. ఇప్పటికి ఆ కంట్లో చూపు బాగానే ఉంది, నరం దెబ్బతినకముందే చేయించుకుంటే నిలుస్తుంది."

వరహాలమ్మ తోటికోడలి వైపు ఒకసారి చురుగ్గా చూసింది. ఆ కోపం పోలేదు. అయినా చెయ్యి చాచి మురహరి మణికట్టు పట్టుకుంది.

"బాబూ, రెండోది ఎప్పుడు చేస్తావు? నువ్వే చెయ్యాలి."

వరండాలోకి వచ్చాక లలితాంబగారు నడక ఆపి, వెనక్కి తిరిగి శిష్యుణ్ణి చూశారు.

"ఈ కన్ను ప్రణీతకి ఇవ్వమంటావా?"