ఓబులమ్మ కన్ను

ముర్తుజా అలసిపోయాడు. హకీం దస్తగిరి సాబు దగ్గర కంటివైద్యం నేర్చుకోవడానికి వచ్చి ఆరేళ్లయింది. జొన్న నూర్పిళ్ల కాలం వస్తే చాలు, తూర్పారబట్టేవాళ్లు కళ్లలో పొట్టు పడి, గీరుకుపోయి, చీముపట్టి వరసకట్టి వచ్చేవారు. మూలుగులు. తెల్లారి మొదలైతే పొద్దుగూకేదాకా అవే. అన్నం తింటున్నా చెవుల్లో అవే.

ఆ ఏడు హకీం సాబు పక్క ఊరి జబ్బుమనిషిని చూడటానికి వెళ్లి మూడు రోజులు రాలేదు. అప్పుడే కళ్లంలో తూర్పారబట్టే ఓబులమ్మ వచ్చింది. కన్ను ఎర్రగా వాచి, ధారగా నీళ్లు. కషాయంతో కడగబోతే ముర్తుజా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. అతను కాసేపు చూసి, కడగడం మానేసి, నల్లమందు కలిపిన నీళ్లు రెండు చుక్కలు వేశాడు.

ఏడుపు ఆగిపోయింది. ఆమె అతని తల నిమిరి, చల్లగా ఉండమని దీవించి, తిరిగి కళ్లానికి పోయింది. రోజూ పొద్దున్నే వచ్చి చుక్కలు వేయించుకుపోయేది. ఆ మూడు రోజులూ ముర్తుజా మధ్యాహ్నాలు హాయిగా నిద్రపోయాడు.

నాలుగో రోజు హకీం సాబు వచ్చేసరికి ఓబులమ్మ గడప దగ్గర కూర్చుని ఉంది. కంట్లో నీటిచుక్క లేదు. నల్లగుడ్డు మీద తెల్లటి పుండు, అంచున చీము.

"నొప్పుందా అమ్మా?"

"ఏమీ ల్యా సామీ. సల్లగుంది."

హకీం సాబు దూది పోగొకటి తీసి సన్నగా పేని, దాని కొసను ముర్తుజా కంటికి తాకించాడు. రెప్ప టక్కున మూసుకుంది. నీళ్లు బుగ్గ మీదికి కారాయి. అదే కొసను ఓబులమ్మ కంటికి తాకించాడు. ఆమె రెప్ప వెయ్యలేదు. "ఎప్పుడు సూస్తావు సామీ?" అని అడిగింది.

"నీ కన్ను పిలిచింది, రెప్పా నీళ్లూ పలికాయి," అన్నాడు హకీం సాబు శిష్యుడితో. "అలాంటి కాపలావాళ్లు ఈమె ఒంట్లోనూ ఉన్నారు. వాళ్లను పిలిచే నరం, పని అయ్యాక వాళ్లకు ఇక చాలని చెప్పే నరం, రెంటినీ ఆ చుక్కలతో నువ్వు నిద్రపుచ్చావు."

చుక్కలు మాన్పించారు. గంటగంటకీ కడిగారు. రెండో రోజుకు నొప్పి తిరిగొచ్చింది. దీవించిన నోటితోనే ఓబులమ్మ ముర్తుజాను తిట్టింది. తొమ్మిది రోజులు ఆమె తల తన ఒళ్లో పెట్టుకుని అతను కడుగుతూనే ఉన్నాడు. కన్ను నిలిచింది. కానీ తెల్లమచ్చ మిగిలింది. ఆ కంటికి మనుషులు నీడల్లా తప్ప కనిపించరని తేలింది.

ఆమె వెళ్లిపోయాక ముర్తుజా గురువు ముందు తలవంచుకుని నిలబడ్డాడు. ఆమె బాధ చూడలేకే వేశానని మెల్లగా చెప్పాడు.

హకీం సాబు చేతులు కడుక్కుంటున్నాడు. ఆయనా అలసిపోయే ఉన్నాడు.

"ఆ మందు ఎవరి నొప్పికి వేశావు బేటా?" అని అడిగాడు.