గురివింద గింజల పందెం

అనగనగా ఒక అడవి, ఆ అడవి నడుమ ఒక బోడిగుట్ట. దానికి ఒక పక్క నున్నటి వాలు ఉండేది. ఎండాకాలం వచ్చిందంటే చాలు, అడవిలో పిల్లలందరూ పొద్దున లేచింది మొదలు అక్కడే. ముంజలు తినేసి పారేసిన తాటికాయలు నాలుగు ఏరుకునేవాళ్ళు. వాటిని రెండు పుల్లలకి గుచ్చి, పైన ఒక తాటిమట్ట కట్టేవాళ్ళు. అదే బండి. దాని మీద కూర్చుని వాలులోంచి జారడమే పందెం. కాళ్ళ బలంతో పని లేదు కాబట్టి తాబేలు నింపాదయ్య కూడా ఒక్కోసారి కుందేళ్ళని ఓడించేవాడు. ఓడిన కుందేళ్ళు కాసేపు మూతి ముడుచుకుని, మళ్ళీ బండి ఎత్తుకుని పైకి ఎక్కేవి.

అందరిలోకీ ముంగిసపిల్ల సింగారి తీరే వేరు. మలుపు రాగానే తోకని నేలకి ఆనించి బండిని ఇట్టే తిప్పేసేది. చూడ్డానికి రెండు కళ్ళూ చాలేవి కావనుకోండి. దానికి ఒకటే కోరిక. గుట్ట కొసనుంచి కింద వాగు దాకా ఉన్న పెద్దవాలు మీద దిగాలి. ఆ పందెం ఏడాదికి ఒక్కసారే, తొలకరి పడే ముందు. చిన్నపిల్లల్ని పెద్దవాలు మీదికి రానివ్వరు. పెద్దయినవాళ్ళు వేటకి పోతారు, ఆటలకి రారు. సింగారికి సరిగ్గా ఆ మధ్య వయసు ఈ ఏడే వచ్చింది. ఈ ఏడు దాటితే ఇక లేదు.

సరిగ్గా ఈ ఏడే కొండముచ్చు గుర్నాథం వచ్చి వాలు చుట్టూ ముళ్ళకంప వేశాడు.

పిల్లలు దెబ్బలు తగిలించుకుంటున్నారనీ, తాను దగ్గరుండి పద్ధతిగా ఆడిస్తాననీ పెద్దవాళ్ళకి చెప్పాడు. పెద్దవాళ్ళు సంతోషించారు. ఎవరో ఒకరు చూసుకుంటారు కదా, మనకి పీడా పోయింది అనుకున్నారు. గుట్ట ఏమన్నా నీ తాతదా అని అడిగిన పాపాన ఒక్కడూ పోలేదు. అక్కడే పడింది దెబ్బంతా.

గుర్నాథం పద్ధతి ఏమిటో వినండి. వాలుని మూడు ముక్కలు చేశాడు. అడుగున చంటిపిల్లలు ఆడే బుడ్డివాలు, దాని పైన నడిమివాలు, కొసనుంచి పెద్దవాలు. ఒక్కసారి దిగితే కాసిని గురివింద గింజలు ఇస్తాడు. ఎర్రగా, మూతి దగ్గర నల్లగా, చూడ్డానికి ముద్దొస్తాయి ఆ గింజలు. తింటే మాత్రం ప్రాణం పోతుంది. ఇంటికి తీసుకెళ్ళి చేసేదేమీ లేదు. పెద్దవాలు మీద తాటికాయ చక్రాలు పనికిరావట. మద్దిచెక్క చక్రాలే ఉండాలట. అవి గుర్నాథం దగ్గరే దొరుకుతాయి. బుట్టెడు గింజలు తెస్తే నాలుగు చక్రాలు ఇస్తాడు.

నిన్నటిదాకా పుణ్యానికి ఆడుకున్న ఆటకి ఇప్పుడు బుట్టెడు గింజలు. అయినా సింగారి పట్టించుకోలేదు. ఎలాగూ ఆడేదే కదా, ఆడుతూ ఆడుతూ కూడబెడతాను అనుకుంది.

బుట్ట నిండింది. నెత్తిన పెట్టుకుని పరుగున వెళ్ళింది. గుర్నాథం బుట్ట వైపు చూసి, చాలామందికి బుట్టలు నిండాయనీ, అందుకని చక్రాల ధర పెరిగిందనీ, ఇప్పుడు రెండు బుట్టలనీ చెప్పాడు. సింగారి సర్లే, ఇంకో బుట్టే కదా అని వెనక్కి తిరిగింది.

రెండో బుట్ట మొదలుపెట్టేసరికి గుర్నాథం ఇంకో కొత్త పద్ధతి పెట్టాడు. దిగిన వాలే మళ్ళీ దిగితే గింజలు సగమే ఇస్తాడు. ఇంకోసారి దిగితే అందులో సగం, ఆపైన ఎన్నిసార్లు దిగినా అంతే. ఇదేం అన్యాయం అని అడిగితే గుర్నాథం మీసం సవరించుకున్నాడు.

"తేలిగ్గా దొరికితే విలువేముంటుంది తల్లీ? కష్టపడి తెచ్చుకున్న చక్రాల మీద కూర్చుంటే ఆ గర్వమే వేరు," అన్నాడు.

వాడి గర్వం మండిపోను. సింగారికి ఇష్టమైనది మలుపులున్న నడిమివాలు. కానీ దాన్ని దిగి, మళ్ళీ ఎక్కేసరికి పూట గడిచిపోతుంది. అదే బుడ్డివాలు అయితే దిగామా ఎక్కామా అన్నట్టు ఉంటుంది, సగంలో సగమైనా చివరికి ఎక్కువ గింజలు వస్తాయి. అందుకని మలుపుల్లో అంత నేర్పున్న పిల్ల, చంటిపిల్లల మధ్య మలుపే లేని బుడ్డివాలు మీద పొద్దస్తమానం దిగుతూ, ఎక్కుతూ, దిగుతూ, ఎక్కుతూ ఉండిపోయింది. తోక కింద చర్మం కొట్టుకుపోయింది. అరచేతులు బొబ్బలెక్కాయి. బండిని చూస్తేనే ఒళ్ళు మండేది. అయినా పొద్దున్నే అక్కడికే పోయేది, ఎందుకంటే అప్పటిదాకా పడ్డ పాటంతా ఏట్లో కలిసిపోతుందని భయం.

ఒకరోజు నింపాదయ్య బండి బోర్లాపడి, వాడు వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంటున్నాడు. తాబేలు వెల్లకిలా పడితే తనంతట తను లేవలేదని తెలియనిది ఎవరికి? సింగారి చూసింది. ఆగితే ఆ దిగుడు లెక్కలోకి రాదని పక్కనుంచి జారిపోయింది. చెబుతుంటే నాకే సిగ్గేస్తోంది. అది చెడ్డ పిల్ల కాదర్రా. ఆ గింజలు దాన్ని అలా చేశాయి.

ఎలాగైతేనేం, రెండు బుట్టలూ నింపి తీసుకెళ్ళింది. ఈసారి గుర్నాథం మద్దిచక్రాలు విడిగా అమ్మడం మానేశాడు. మోదుగాకుల్లో చుట్టి తీగతో బిగించిన పొట్లాలు పెట్టాడు. విప్పితే గానీ లోపల ఏముందో తెలియదు. చక్రాలు ఉండొచ్చు, ఇంకేదైనా ఉండొచ్చు, అంతా అదృష్టం అన్నాడు. సింగారి రెండు బుట్టలూ వాడి ముందు బోర్లించి, ఒక పొట్లం విప్పింది. లోపల చీకిపోయిన తాడు ముక్క ఉంది.

అప్పుడే అడవిపంది కొడుకు రాయుడు వచ్చాడు. వాడి వెనక వాళ్ళ నాన్న ఒక పెద్ద తేనెపట్టు మోసుకొచ్చాడు. రాయుడు ఒక్క గింజ కూడా సంపాదించలేదు, ఒక్క వాలు కూడా దిగలేదు. గుర్నాథం తేనెపట్టు పుచ్చుకుని, లోపలి నుంచి మద్దిచక్రాలు తెచ్చి వాడి చేతిలో పెట్టాడు. పొట్లమూ లేదు, అదృష్టమూ లేదు. తర్వాత సింగారిని పక్కకి పిలిచి, ఈ గింజలతో ఎందుకమ్మా అవస్థ, మీ ఇంట్లో కూడా తేనె ఉంటుందిగా అని మెల్లగా చెవిలో వేశాడు. చూశారా వాడి ఎత్తు? ఎక్కలేని మెట్లు కట్టిందీ వాడే, నిచ్చెన అమ్ముకునేదీ వాడే.

సింగారి వాళ్ళింట్లో తేనె ఉంది నిజమే. ఒక చిన్న సొరకాయ బుర్రలో ఉంది. వానాకాలం వస్తే నాయనమ్మకి ఆయాసం వస్తుంది, దాని కోసం దాచింది అది. సింగారి ఇంటికొచ్చి ఆ బుర్ర ముందు కూర్చుంది. తీయనూ లేదు, లేవనూ లేదు. నాయనమ్మ చూసి సంగతంతా అడిగింది. సింగారి ఏడుస్తూ చెప్పింది. ముసలామె లేచి బుర్ర తెచ్చి మనవరాలి ఒళ్ళో పెట్టింది.

"నా ఆయాసం ఎప్పుడూ ఉండేదేలేవే. నీ ఆట మళ్ళీ రాదు. తీసుకుపో," అంది.

సింగారి తీసుకెళ్ళింది. దాచడమెందుకు, తీసుకెళ్ళింది. ముళ్ళకంప దగ్గర గుర్నాథం అప్పటికే చెయ్యి చాపి ఉన్నాడు. ఆ చెయ్యి చూశాక ఎందుకో సింగారికి ఒక మాట అడగాలనిపించింది.

"మావయ్యా, రేపు పెద్దవాలు మీద నేను గెలిస్తే ఏమిస్తావు?"

"బోలెడన్ని గింజలు."

"ఆ గింజలతో ఏం చెయ్యాలి?"

"ఇంకా మంచి చక్రాలు కొనుక్కోవచ్చు."

"వాటితో?"

"ఇంకా ఎక్కువ గింజలు," అని గుర్నాథం విసుక్కున్నాడు. అంత చిన్న విషయం తెలియదా అన్నట్టు చూశాడు.

సింగారికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఎండాకాలమంతా ఈ గానుగ చుట్టూనా తిరిగాను అనుకుంది. దీని కోసమా నింపాదయ్యని వెల్లకిలా వదిలేశాను, దీని కోసమా నాయనమ్మ ఊపిరి తీసుకొచ్చి వీడి చేతిలో పోస్తున్నాను అనుకుంది. బుర్రని గుండెకి హత్తుకుని వెనక్కి తిరిగింది. గుర్నాథం వెనకనుంచి ధర తగ్గిస్తానని కేకేశాడు. అది ఆగలేదు.

తేనె నాయనమ్మకి ఇచ్చేసి, ముందు నింపాదయ్య ఇంటికి వెళ్ళి తప్పయిపోయిందని చెప్పింది. ఆ తర్వాత ఇద్దరూ కలిసి నాలుగు తాటికాయలు ఏరుకుని, గుట్టకి వెనక పక్కకి వెళ్ళారు. అక్కడ వాలు ఏమంత బాగుండదు. రాళ్ళూ, గతుకులూ. మొదటిసారే బండి ముక్కలైపోయి ఇద్దరూ ఇసుకలో దొర్లారు. నింపాదయ్య మళ్ళీ వెల్లకిలా పడ్డాడు. సింగారి వాణ్ణి తిప్పి కూర్చోబెట్టింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని పడీ పడీ నవ్వారు. ఆ నవ్వు ముందు పక్క దాకా వినపడింది. ముందు ఒక కుందేలు వచ్చింది, తర్వాత ఉడతలు వచ్చాయి, సాయంత్రానికి ముళ్ళకంప లోపల పిల్ల అన్నది లేదు.

మర్నాడు పెద్దవాలు పందెం. రాయుడు మద్దిచక్రాల బండి మీద కొసన కూర్చున్నాడు. పక్కన ఎవరూ లేరు. గుర్నాథం కేకేశాడు, రాయుడు దిగాడు, రాయుడే గెలిచాడు. వాళ్ళ నాన్న తప్ప చప్పట్లు కొట్టినవాడు లేడు. బుట్ట నిండా గింజలు పుచ్చుకుని, వాడు గుట్ట వెనక నుంచి వస్తున్న కేకలు వింటూ నిలబడ్డాడు. కాసేపటికి బుట్ట అక్కడే వదిలేసి, వెనక పక్కకి వెళ్ళి, నన్నూ ఎక్కించుకుంటారా అని అడిగాడు. కుందేళ్ళు మూతి తిప్పుకున్నాయి. సింగారి మాత్రం జరిగి చోటిచ్చింది.

ఆ రోజు సింగారి ఎన్నిసార్లు దిగిందో, ఎన్నిసార్లు ఎక్కిందో దానికే తెలియదు. లెక్కపెట్టేవాడు లేడు. సాయంత్రానికి తొలకరి పడింది.

పెద్దవాలు మీద సింగారి ఇక ఎప్పటికీ దిగలేదు. మీకు నచ్చుతుందని అబద్ధం చెప్పను. వానలు పోయేసరికి దానికి వేటకి పోయే వయసొచ్చేసింది. ఒక్కటంటే ఒక్క ఎండాకాలం, దాన్ని కాస్తా ఆ కొండముచ్చు గింజల పేరు చెప్పి మింగేశాడు. తలుచుకుంటే ఇప్పటికీ నాకు కడుపు మండుతుంది. పిల్లలు చెప్పగా సంగతంతా తెలిసి అడవిలో పెద్దవాళ్ళకీ అప్పుడే మండింది. ఆ వానలోనే వెళ్ళి ముళ్ళకంప పీకి వాగులో పడేశారు. అదేదో వేసిన రోజునే పీకి ఉంటే ఎంత బాగుండేది.

నీతి: ఆట ఆనందం కోసం ఆడాలి, ఆడేకొద్దీ ఆనందం తగ్గి ఆశ మాత్రమే పెరుగుతుంటే, అక్కడ మనం ఆడటం లేదు, మనతో ఎవరో ఆడుకుంటున్నారు.