రాని రోగి కోసం పావు వంతు

అనగనగా పిల్లలూ, ఒక పెద్ద కొండ పక్కన ఒక అడవి. ఆ అడవి మొత్తానికి జబ్బు చేసినవాళ్లను మోసే కరెంటు కారు ఒక్కటే ఉండేది. కొండ అవతల చెరువుగట్టున కొంగ డాక్టరమ్మ ఉండేది. రోగులను ఆమె దగ్గరికి చేర్చడమే ఆ కారు పని. బండ మీద పరిచిన సోలార్ పలకలపై ఎండ పడితే దానికి ఛార్జింగ్ ఎక్కేది.

ముళ్లపంది మల్లన్న తాత చాలా ఏళ్లు ఆ కారు నడిపాడు. చూపు మందగించాక తాళం తెచ్చి ఎలుగుబంటి జంబన్న చేతిలో పెట్టాడు.

"ఒరే జంబా, దీని మోటారు చిన్నది, బ్యాటరీ పెద్దది. మెల్లగా పోతుంది గానీ కొండ దాటించి మళ్లీ ఇంటికి తెస్తుంది. ఛార్జింగ్ ఎప్పుడూ పావు వంతు మిగల్చాలి. ఆ పావు వంతు నీది కాదు, నాదీ కాదు. ఇంకా మన దగ్గరికి రాని రోగిది."

"అట్లాగే తాతా" అన్నాడు జంబన్న. మాట ఇవ్వడానికి ఏం పోయింది!

జంబన్న మనసు మంచిదే. కానీ పొగడ్తలంటే తేనెకన్నా ఇష్టం. చిరుతపులి తన సొంత కారులో రయ్యిన దూసుకుపోతూ, "ఏం జంబన్నా, దిగి తోసుకోరాదూ!" అని వెక్కిరించేవాడు. అది విన్నప్పుడల్లా జంబన్నకు తల కొట్టేసినట్టయ్యేది. చివరికి ఓర్చుకోలేక మెకానిక్ కోతి గవరయ్య దగ్గరికి వెళ్లాడు.

"పెద్ద మోటారు బిగిస్తా" అన్నాడు గవరయ్య. "కానీ దానికి చోటు కావాలి. సగం బ్యాటరీ తీసెయ్యాలి. వేగం ఇచ్చేది మోటారు, దూరం ఇచ్చేది బ్యాటరీ. బాగా ఆలోచించుకో."

"కొండ దాటుతుందా?"

"నిండా ఛార్జింగ్ పెట్టి, నెమ్మదిగా నడిపితే దాటుతుంది."

"దాటితే చాలు, కానియ్!" అన్నాడు జంబన్న. నెమ్మదిగా నడపడానికైతే పెద్ద మోటారు ఎందుకో, పాపం, అతనికి తోచలేదు.

మోటారు మార్చిన మొదటి రోజు దగ్గుతో బాధపడుతున్న నెమలిని కన్ను మూసి తెరిచేలోగా కొండ దాటించాడు. అందరూ శభాష్ అన్నారు. రెండో రోజు పందెం వేసి చిరుతపులినే ఓడించాడు. అడవి అంతా చప్పట్లు కొట్టింది. ఆ సాయంత్రం చూస్తే ఛార్జింగ్ పావు వంతుకన్నా కిందికి పడిపోయింది. తాత మాట గుర్తొచ్చింది. 'రేపు ఎండ కాస్తుందిలే' అనుకుని పడుకున్నాడు.

మూడో రోజు ఎండ కాయలేదు. ఆకాశమంతా మబ్బు పట్టింది. ఛార్జింగ్ ఎక్కీ ఎక్కనట్టే ఎక్కింది. మధ్యాహ్నం జింక నీలవేణి పిల్లను వీపున వేసుకుని ఏడుస్తూ వచ్చింది.

"అన్నా! నా చుక్కి కాలు వేటగాడి ఉచ్చులో పడింది. నెత్తురు ఆగడం లేదు. నా బిడ్డను బతికించు!"

జంబన్న జింకపిల్లను సీటులో పడుకోబెట్టి, నీలవేణిని పక్కన ఎక్కించుకున్నాడు. ఆ నెత్తురు చూసి, నెమ్మదిగా నడపాలన్న మాట మరిచి, తొందరలో పెడలు బలంగా తొక్కాడు. కారు ఎగువకు ఉరికింది. ఎంత ఉరికితే అంత ఛార్జింగ్ తాగేసింది ఆ పెద్ద మోటారు. కొండ కొమ్ముకు ఒక్క మలుపు ఇవతల ఆగిపోయింది.

ఆ మలుపు దాటితే అంతా దిగుడే. పాత బ్యాటరీ ఉండి, తాత చెప్పిన పావు వంతు మిగిలి ఉంటే, దాటేసేది. జంబన్న దిగి తోశాడు. కాళ్లు జారిపోయాయి గానీ కారు కదల్లేదు. చివరికి చుక్కిని భుజాన వేసుకుని ఏడుస్తూ పరుగెత్తాడు. నీలవేణి వెనకే పరుగెత్తింది.

చెరువు చేరేసరికి పొద్దు వాలింది. కొంగ డాక్టరమ్మ కట్టు కట్టి బయటికి వచ్చింది.

"ప్రాణం నిలిచింది. కాలు మాత్రం మునుపటిలా కాదు. కాస్త ముందు తెచ్చుంటే బాగుండేది."

"నా వల్లే చెల్లీ" అని జంబన్న నీలవేణి ముందు కూలబడ్డాడు.

నీలవేణి మెల్లగా అంది: "నిన్న నువ్వు పందెం గెలిచినప్పుడు నేను కూడా చప్పట్లు కొట్టానన్నా."

తర్వాత పాత బ్యాటరీ, చిన్న మోటారు మళ్లీ కారులోకి వచ్చాయి. చిరుతపులి ఇప్పటికీ వెక్కిరిస్తూనే ఉన్నాడు. జంబన్న అటు తిరిగి చూడడు. రోజూ సాయంత్రం చుక్కి కుంటుకుంటూ కారు దగ్గరికి వస్తుంది.

"పావు వంతు ఉందా మామా?" అని అడుగుతుంది.

జంబన్న ఒకసారి ఛార్జింగ్ చూసి, ఒకసారి ఆ కాలు చూసి, "ఉంది తల్లీ" అంటాడు.

నీతి: మన బలంలో కొంత రేపు ఆపదలో పడబోయే వాళ్లది. దాన్ని ఈరోజు మెప్పు కోసం ఖర్చు చెయ్యకూడదు.